పాడైంది ప్రొజెక్టరేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలయ్యాయి: "మేడమ్, ప్రొజెక్టర్ పాడైంది." చదువుకుంటూ పోతే చాలావాటిలో పాడైంది ప్రొజెక్టర్ కాదు. కేబులో, లాప్‌టాప్ సెట్టింగో, గదిలో వెలుతురో, మెషీన్‌ని పెట్టిన బల్లో! అందుకని ఎవరి ఉత్తరానికి జవాబు చెప్పాలన్నా ముందు అందరినీ ఒక పని చెయ్యమంటాను. రిమోట్ మీద మెనూ బటన్ నొక్కండి. తెర మీదికి ఒక సెట్టింగుల పెట్టె వస్తుంది కదా, దాన్ని లాప్‌టాప్ పంపలేదు, కేబుల్ మోసుకురాలేదు. ప్రొజెక్టర్ తనంతట తాను గీసింది. ఆ పెట్టె సరైన రంగుల్లో నిలకడగా ఉండి, వెనక బొమ్మ మాత్రమే చెడి ఉంటే ప్రొజెక్టర్ జోలికి వెళ్లకండి. పెట్టెకి కూడా అదే జబ్బు ఉంటే అప్పుడు మెషీన్ని అనుమానించండి. నా బల్ల మీదికి ఏ మెషీన్ వచ్చినా నేను మొట్టమొదట చేసేది ఇదే. దీనికి డబ్బులు పుచ్చుకోవడం నాకెప్పుడూ మొహమాటంగానే ఉంటుంది.

ఇక ఉత్తరాలు.

మా స్కూల్లో ప్రొజెక్టర్ పాఠం మొదలుపెట్టిన పావుగంటకి ఆగిపోతోంది. వెంటనే స్విచ్ వేస్తే రాదు. కాసేపు ఆగితే వస్తుంది, మళ్లీ పావుగంటకి పోతుంది. పిల్లలు ఆ పోవడం కోసమే ఎదురుచూస్తున్నారు. చూసిన మెకానిక్ "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. — ఒక లెక్కల టీచరు

బోర్డు పోయినది అంత టైము ప్రకారం పని చెయ్యదు సార్. మీరు రాసినవన్నీ వేడి లక్షణాలు. ఆగిపోయే ముందు ప్రొజెక్టర్ పైన "టెంప్" అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతోందా, చూడండి. వెలుగుతుంటే మీ మెషీన్ పాడవలేదు, పాడవకుండా తనని తాను కాపాడుకుంటోంది.

లోపల జరిగేది ఇది. ల్యాంపు ప్రొజెక్టర్లలో ఉండేది పాదరసపు ఆవిరి బల్బు. 1990ల మధ్యలో ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన రకం. రెండు లోహపు మొనల మధ్య మిల్లీమీటరు, అటూ ఇటూగా, అంత సందులో మెరుపు నిలబడుతుంది. ఆ చిన్న గాజుబుడ్డి లోపల ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 200 రెట్ల పైమాటే. బుడ్డి గోడ వేడి 1,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని చల్లబరిచేది ఒకటి రెండు ఫ్యాన్లు, వాటికి గాలినిచ్చేది అరచేయంత ఫిల్టరు. ఆ ఫిల్టరుకి సుద్దముక్క పొడి పట్టిందనుకోండి, మీ పావుగంట లెక్క సరిపోయింది.

ప్లగ్ పీకి, మెషీన్ పూర్తిగా చల్లారాక ఫిల్టరు మూత తీయండి. పక్కనో కిందో ఉంటుంది, జాలీలాగా కనిపిస్తుంది. ఫిల్టరుని బయటికి తీసి మెత్తటి బ్రష్షుతో దులపండి. స్పాంజి రకమా, కాగితం రకమా చూసుకోండి. కాగితం రకాన్ని కడిగితే ఇంక పనికిరాదు. స్పాంజి రకాన్ని కూడా మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో కడగమని ఉంటేనే కడగండి, తడి మొత్తం ఆరాకే పెట్టండి. బ్లోయర్‌తో గాలి కొట్టేవాళ్లు ఫ్యాను రెక్కని ఏ పుల్లతోనో ఆపి పట్టుకోవాలి. గాలి వేగానికి అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. దుమ్ము బయటికి వచ్చేలా కొట్టండి, లోపలికి తోసేలా కాదు. ఫిల్టరు చిరిగిందని అది లేకుండానే నడిపేవాళ్లున్నారు. అప్పుడు మెషీన్ ఆగకపోవచ్చు గానీ ఆ దుమ్మంతా అద్దాల మీదికి చేరుతుంది. అది ఇంకా పెద్ద ఖర్చు.

ఫిల్టరు శుభ్రంగానే ఉంటే చుట్టూ చూడండి. గాలి వదిలే జాలీకి గోడ ఎంత దూరంలో ఉంది? జానెడు చాలదు, 30 సెంటీమీటర్లయినా వదలాలి. దొంగలు ఎత్తుకుపోతారని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసిన స్కూళ్లు చూశాను. వదిలిన వేడి గాలినే మెషీన్ మళ్లీ పీల్చుకుంటుంది. కింద గుడ్డ పరిస్తే అడుగునున్న జాలీ మూసుకుపోతుంది.

ఇంకో చిట్కా. చాలా మెషీన్ల మెనూలో "హై ఆల్టిట్యూడ్" అని ఒకటుంటుంది. కొండ ప్రాంతాల్లో గాలి పల్చగా ఉంటుంది కాబట్టి ఫ్యాను ఎక్కువ వేగంతో తిరగడానికి పెట్టిన సెట్టింగు అది. ఒక్క రోజు అది వేసి చూడండి. పావుగంట కాస్తా గంట అయిందంటే సమస్య వేడిదేనని తేలిపోయింది. ఫ్యాను గోల మాత్రం భరించాలి. అలాగే శాశ్వతంగా వదిలెయ్యకండి. అది రోగం పేరు చెబుతుందే గానీ మందు కాదు.

ఆగిన వెంటనే మళ్లీ ఎందుకు వెలగదంటారా? బల్బు వేడిగా ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడి మీద మెరుపు పుట్టదు. అది చల్లారాలి. పాఠం అయ్యాక గోడ స్విచ్ ఠక్కున ఆపెయ్యకుండా, పవర్ బటన్‌తో ఆపి ఫ్యాను నిలిచేదాకా ఆగమనేది కూడా ఇందుకే.

మా ఆఫీసు మీటింగు హాల్లో తెరంతా పసుపుపచ్చగా వస్తోంది. మా సేల్స్ గ్రాఫుల్లో నీలం గీత కనిపించడం లేదు. బల్బు మార్చమంటున్నారు. — ఒక అకౌంటెంటు

ఆగండి, బల్బు కొనకండి. నీలం ఒక్కటే మాయమై మిగతా రెండు రంగులూ సరిగా ఉన్నాయంటే అది బల్బు జబ్బు కాదు. బల్బు ముసలిదైతే వెలుగు మొత్తం తగ్గుతుంది, ఒక రంగుని ఏరుకుని తినదు.

మెనూ నొక్కి ఆ పెట్టె రంగులు చూడండి. అవి బాగుంటే మొదట లాప్‌టాప్‌లో "నైట్ లైట్" వేసి ఉందేమో చూడండి. సాయంత్రమయ్యేసరికి కళ్లకి హాయిగా ఉంటుందని నీలాన్ని తగ్గించే సెట్టింగు. సాయంత్రం మీటింగుల్లోనే పసుపు వస్తోందా, అయితే దొంగ దొరికినట్లే. అది కాకపోతే కేబుల్. మీ హాల్లో ఇంకా పాత నీలం తలకాయ వీజీఏ కేబులే వాడుతుంటారని నా అనుమానం. దాంట్లో 15 పిన్నులుంటాయి. 1వ పిన్ను ఎరుపు, 2వది ఆకుపచ్చ, 3వది నీలం. మూడోది వంగినా విరిగినా నీలం పోయి తెల్లటి చోటల్లా పసుపవుతుంది. రెండోది పోతే గులాబీ, ఒకటోది పోతే ఆకుపచ్చ కలిసిన నీలం. తలకాయ విప్పి లోపలికి చూడండి, వంగిన పిన్ను కంటికే కనిపిస్తుంది. సన్నటి పట్టకారుతో నిదానంగా నిలబెట్టవచ్చు. మధ్య వరసలో నాలుగే పిన్నులు చూసి ఒకటి లేదని కంగారు పడకండి. చాలా కేబుళ్లలో 9వ పిన్ను తయారీలోనే ఉండదు. మరలు బిగించకుండా వేలాడదీసిన కేబుళ్లకే ఈ గతి పడుతుంది, అదొక్కటీ అలవాటు చేసుకోండి.

మెనూ పెట్టె కూడా పసుపుగా ఉంటే, లేదా తెర మీద ఒక మూల మాత్రమే పసుపో నీలమో మచ్చ ఉండి, మెనూని ఆ మూలకి జరిపినప్పుడు దానికీ అదే రంగు అంటుకుంటుంటే, అది లోపలిదే. మీది మూడు ఎల్‌సీడీ పలకల రకం అయి ఉంటుంది. బల్బు వెలుగుని ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడదీసి ఒక్కో రంగునీ ఒక్కో పలక గుండా పంపి మళ్లీ కలుపుతుంది. ఆ పలకల ముందూ వెనకా వెలుగుని వడగట్టే పోలరైజర్ పొరలుంటాయి. నీలపు కాంతికి శక్తి ఎక్కువ కాబట్టి సామాన్యంగా నీలం దారిలో ఉన్న పొరే ముందు కాలుతుంది. దాన్ని మార్చగలిగిన వాళ్లు ఉన్నారు గానీ, పలక కూడా కాలి ఉంటే అసలు ఖర్చు ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోండి. చాలాసార్లు ఆ డబ్బుకి ఇంకో మెషీనే మేలు. అది కాలడానికి కారణం మాత్రం పై ఉత్తరంలోదే, ఫిల్టరు.

పెట్టె మీద 9,000 ల్యూమెన్లు అని రాసుంది. ఇంటికి తెచ్చి 100 అంగుళాల తెర మీద వేస్తే పగలు ఏమీ కనిపించదు. రాత్రి కూడా లైటు వేస్తే వెలిసిపోతుంది. ఇది లోపమున్న పీసా? — కొత్తగా కొన్న ఒకాయన

పీసులో లోపం లేదండీ, అట్టపెట్టె మీద ఉంది.

ల్యూమెన్లంటే మెషీన్ బయటికి పంపే మొత్తం వెలుగు. దాన్ని కొలవడానికి పద్ధతి ఉంది. తెరని తొమ్మిది గళ్లుగా చేసి, ఒక్కో గడి నడిమధ్య వెలుగుని మీటరుతో కొలిచి, సగటు కట్టి తెర విస్తీర్ణంతో హెచ్చవేస్తారు. 1992లో వచ్చిన అన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) పద్ధతి ఇదే, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 21118 కూడా ఈ దారిదే. ఈ రెండు పేర్లలో ఏదీ లేకుండా ఉత్త "ల్యూమెన్లు" అనో, "ఎల్‌ఈడీ ల్యూమెన్లు" అనో, "లైట్ సోర్స్" అనో రాశారంటే ఆ అంకెకి అర్థం లేదు. అలాంటి చిన్న పెట్టెల నుంచి నిజంగా తెరకి చేరేది చాలాసార్లు కొన్ని వందల ల్యూమెన్లే. మీది 200 అనుకుని లెక్క వేద్దాం.

మూల నుంచి మూలకి 100 అంగుళాలుండే 16:9 తెర అంటే సుమారు 2.75 చదరపు మీటర్లు. 200 ల్యూమెన్లని అంత మేర పరిస్తే ఒక్కో చదరపు మీటరుకి దాదాపు 73 ల్యూమెన్లు, అంటే 73 లక్స్. మామూలుగా చదువుకోవడానికి వేసుకునే లైటు వెలుగు తెర మీద 300 లక్స్ పడుతుందనుకోండి. ఇక్కడే అసలు కిటుకు. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. నలుపు ఉన్నచోట వెలుగు పంపకుండా ఊరుకుంటుంది, అంతే. అంటే మీ నలుపు ఎంత నల్లన అనేది గది నిర్ణయిస్తుంది. లైటు వేసినప్పుడు మీ నలుపు 300, మీ తెలుపు 373. నలుపుకీ తెలుపుకీ మధ్య పావు వంతు తేడా కూడా లేదు. ఇంక కనిపించేది ఏముంటుంది! అదే గదిలో నిఖార్సైన 3,000 ల్యూమెన్ల మెషీన్ పెట్టినా తెలుపు నలుపు కంటే నాలుగున్నర రెట్లే ఉంటుంది. అక్షరాలు చదువుకోవచ్చు, సినిమా చూడబుద్ధి కాదు. కాబట్టి పగటి పూట తెర దించి, కిటికీ తెరిచి, సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ పెంచుకుంటూ పోతే లాభం లేదు. ఆ సెట్టింగు నలుపుని కూడా లేపి బొమ్మని ఇంకా తెల్లబరుస్తుంది.

ఇప్పుడు మంచి కబురు. సినిమా హాలు తెర మీది తెలుపుకి వాడే ప్రమాణం చదరపు మీటరుకి 48 క్యాండెలాలు. ఇది తెర మీద పడే వెలుగుకి కాదు, తెర నుంచి కంటికి వచ్చే వెలుగుకి కొలత, పై లక్స్ అంకెలతో నేరుగా పోల్చకండి. పూర్తి చీకటి గదిలో, మామూలు తెల్లటి తెర మీద 100 అంగుళాలకి ఆ వెలుగు రావాలంటే 400 పై చిలుకు నిజమైన ల్యూమెన్లు చాలు. తెర 70 అంగుళాలకి తగ్గిస్తే విస్తీర్ణం సగమవుతుంది, అప్పుడు మీ 200తోనే హాలు వెలుగు వచ్చేస్తుంది. మెషీన్ని తెరకి దగ్గరగా జరపండి, కిటికీలకి దట్టమైన కర్టెన్లు వెయ్యండి. ఎదుటి గోడ తెల్లగా ఉంటే తెర వెలుగు దాని మీద పడి మళ్లీ తెరకే వస్తుంది, దాన్నీ ముదురు గుడ్డతో కప్పి చూడండి. ఇంత చేశాక కూడా నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్యండి. కొన్న చోట గొడవ పెట్టుకోవడానికి పై లెక్క కాగితం మీద రాసి తీసుకెళ్లండి, పనికొస్తుంది.

అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తున్నాయి. — ఒక విద్యార్థిని

మెనూలో "ప్రొజెక్షన్" అనే చోట "రియర్" అని ఉంటుంది, అది తెర వెనక నుంచి వేసేవాళ్లకి. "ఫ్రంట్" చెయ్యండి. తలకిందులుగా కూడా ఉంటే "సీలింగ్" తీసెయ్యండి. అంతేనమ్మా.

ప్రొజెక్టర్‌ని బల్ల మీద పక్కకి పెట్టి కీస్టోన్‌తో సరిచేశాం. ఇప్పుడు ఎడమ పక్క అక్షరాలు స్పష్టంగా ఉంటే కుడి పక్క మసక, కుడి సరిచేస్తే ఎడమ మసక. లెన్సు మార్చాలా? ఇది కాస్త టెక్నికల్ ప్రశ్న కాబట్టి వీలైతే మీవారిని అడిగి రాయండి. — ఒక పెద్దాయన

మావారికి రిమోట్‌లో బ్యాటరీలు ఎటు తిప్పి పెట్టాలో నేనే చెప్పాలండీ. అయినా అడిగాను, "లెన్సు తుడవమను" అన్నారు. ఇప్పుడు నా జవాబు వినండి.

లెన్సు బాగానే ఉంది. అది తెరకి ఎదురుగా లేదు. ఎడమ అంచు దగ్గరగా, కుడి అంచు దూరంగా ఉన్నప్పుడు ఒకేసారి రెండు దూరాలకి ఫోకస్ కుదరదు. మీరు కీస్టోన్ వేశాక బొమ్మ దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది కాబట్టి అంతా సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ కీస్టోన్ చేసే పని ఏమిటంటే, లోపలి పలక మీద బొమ్మని కావాలనే వంకరగా, చిన్నదిగా గీయడం. 1,920 చుక్కల వెడల్పు ఉన్న పలకలో మీరు వాడేది తగ్గిపోతుంది. అక్షరాల అంచులు నలిగిపోతాయి. పోయిన వెలుగు తెర చుట్టూ బూడిద రంగు చట్రంలా మిగులుతుంది, చీకట్లో చూడండి తెలుస్తుంది. ఫోకస్‌ని మాత్రం అది ముట్టుకోదు. కీస్టోన్ మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. అమ్మేవాళ్లు దాన్ని సౌకర్యం అంటారు, నేను సర్దుబాటు అంటాను.

అన్ని కీస్టోన్లూ సున్నాకి తెచ్చెయ్యండి. లెన్సు తెర నడిమధ్య నిలువు గీతకి ఎదురుగా, తెరకి నిటారుగా వచ్చేలా మెషీన్ని జరపండి. ఎత్తు దగ్గర చాలామంది తికమకపడతారు. ఎక్కువ ప్రొజెక్టర్లు తెర నడుముకి ఎదురుగా పెట్టడానికి చేసినవి కావు. లెన్సు తెర కింది అంచు ఎత్తులో ఉంటే బొమ్మ దానంతట అదే పైకి లేచి తెరలో కూర్చుంటుంది. సీలింగుకి తలకిందులుగా బిగిస్తే అదే లెక్క పై అంచుకి. ముందు కాలు ఎత్తి ముక్కు పైకెత్తే బదులు మొత్తం స్టాండునే ఎత్తండి. పక్కకి తప్ప చోటు లేదంటే "లెన్స్ షిఫ్ట్" ఉన్న మెషీన్ కావాలి. అది లెన్సునే జరుపుతుంది కాబట్టి బొమ్మ నలగదు.

ఫోకస్ వేసేది ఆన్ చేసిన వెంటనే కాదు, 20 నిమిషాలు నడిచాక. వేడికి లెన్సు, దాని గొట్టం కాస్త వ్యాకోచిస్తాయి. మొదట వేసిన ఫోకస్ అప్పటికి జారిపోతుంది.

"నో సిగ్నల్". అన్నీ కలిపే ఉన్నాయి. క్లయింటు ముందు పరువు పోయింది. — ఒక యువ ఉద్యోగి

మెనూ కనిపిస్తోందా? కనిపిస్తే మెషీన్ బతికే ఉంది. ప్రొజెక్టర్‌లో "సోర్స్" నొక్కి, మీరు కేబుల్ పెట్టిన రంధ్రం పేరే ఎంచారో లేదో చూడండి. హెచ్‌డీఎంఐ ఒకటికి పెట్టి రెండు ఎంచుకుని కూర్చునేవాళ్లే ఎక్కువ. తర్వాత విండోస్ లాప్‌టాప్‌లో విండోస్ గుర్తున్న బటన్, పీ కలిపి నొక్కితే నాలుగు దారులు వస్తాయి. "డూప్లికేట్" ఎంచండి. "ఎక్స్‌టెండ్"లో ఉంటే ప్రొజెక్టర్ మీద మీ లాప్‌టాప్ తెర కాకుండా ఖాళీ బొమ్మ రావచ్చు.

లాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీ రంధ్రం ఒక్కటే ఉండి, మధ్యలో మార్పిడి ముక్క పెట్టారా? ఆ ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రమూ బొమ్మ పంపదు. కొన్ని ఛార్జింగుకీ ఫైళ్లకే. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే పంపుతుందన్నమాట. గుర్తు లేకపోయినా పంపేవి ఉన్నాయి కాబట్టి లాప్‌టాప్ వివరాలు చూసుకోండి.

ఇంక హెచ్‌డీఎంఐ తీరు. కేబుల్ తగిలించగానే రెండు పక్కలా పరిచయాలు జరుగుతాయి. నేనింత రిజల్యూషన్ చూపగలను అని ప్రొజెక్టర్ చెబుతుంది, సరే అని లాప్‌టాప్ ఆ మేరకి పంపుతుంది. ఈ పలకరింపు తప్పిపోతే ఇద్దరూ బాగానే ఉండి కూడా తెర ఖాళీ. రెండూ ఆపి, కేబుల్ పెట్టి, ముందు ప్రొజెక్టర్, తర్వాత లాప్‌టాప్ ఆన్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే గోడలోంచి వచ్చిన పొడుగు కేబుల్ పక్కన పెట్టి రెండు మీటర్ల చిన్న కేబుల్‌తో నేరుగా కలిపి చూడండి. వచ్చిందంటే తప్పు గోడలో ఉంది. మామూలు రాగి కేబుల్ 1080పీ బొమ్మని 10 మీటర్ల దాకా సాధారణంగా మోస్తుంది. 4కే అయితే ఐదు దాటినప్పటి నుంచే నాకు నమ్మకం తగ్గుతుంది. తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు రాలడం, బొమ్మ పోయి వస్తుండడం పొడుగు కేబుల్ అలసిపోయిన లక్షణాలు. పొడుగు తప్పదంటే ఫైబర్ రకం వేయించండి. కానీ దానికి దిక్కు ఉంటుంది. "సోర్స్" అని రాసిన కొస లాప్‌టాప్ వైపు, "డిస్‌ప్లే" అని రాసిన కొస ప్రొజెక్టర్ వైపు. తిరగేసి గోడలో పూడ్చి, పైన సిమెంటు పూసేశాక ఫోన్ చేస్తే నేను చెయ్యగలిగింది సానుభూతి చూపడం ఒక్కటే.

ఫోన్‌ని వైర్‌లెస్‌గా కలిపితే ఫోటోలు వస్తున్నాయి. సినిమాల యాప్ తెరిస్తే మాట వస్తుంది, తెర నలుపు. — ఒక గృహిణి

కాపీ చెయ్యకుండా ఆ యాప్‌లు వేసుకున్న తాళం అది. ఫోన్ తెరని ఉన్నదున్నట్టు పంపితే బొమ్మని ఆపేస్తాయి. ప్రొజెక్టర్ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రంలో స్ట్రీమింగ్ స్టిక్ పెట్టి, యాప్‌ని దాంట్లోనే తెరవండి. మధ్యలో పాత స్ప్లిటరో, వీజీఏకి మార్చే ముక్కో ఉంటే హెచ్‌డీసీపీ అనే తాళంచెవి అందక మళ్లీ నలుపే వస్తుంది, నేరుగా పెట్టండి.

తెర మీద మొదట ఒక తెల్ల చుక్క వచ్చింది. తుడిస్తే పోలేదు. ఇప్పుడు ఆకాశంలో చుక్కల్లా పెరిగిపోయాయి. — ట్యూషన్ నడిపే ఒకావిడ

మీది డీఎల్‌పీ రకం. దాని గుండెకాయ ఒక చిప్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో 1987లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టినది. వేలిగోరంత జాగాలో లక్షల కొద్దీ అద్దాలు ఉంటాయి. ఒక్కో చుక్కకి ఒక్కో అద్దం. అది అటో పది, పన్నెండు డిగ్రీలు వాలితే వెలుగు తెరకి పోతుంది, ఇటు వాలితే పక్కనున్న నల్లటి గోడకి పోతుంది. అటు వాలిన అద్దం తిరిగి రాకపోతే అది తెల్లచుక్క. ఇటు వాలి ఉండిపోతే నల్లచుక్క. మెనూ తెరిచినా చుక్కలు దాని మీదుగా మెరుస్తూనే ఉంటాయి, చూడండి.

తుడిస్తే పోవు, సెట్టింగులతో పోవు. ఒకసారి మొదలయ్యాక పెరగడమే గానీ తగ్గడం నేను చూడలేదు. చిప్ మార్చవచ్చు. దాని వెనక వేడి లాగే పేస్టు కూడా కొత్తది పెట్టాలి, లేకపోతే కొత్త చిప్‌కీ అదే దారి. మార్చాలో లేదో తేల్చుకునే ముందు బల్బు గంటలు, రంగుల చక్రం (దాని సంగతి కింది ఉత్తరంలో ఉంది) చప్పుడు కూడా చూపించుకోండి. చక్రం కూడా గరగరలాడుతుంటే ఆ మెషీన్ మీద డబ్బు పెట్టవద్దు.

దీనికీ దుమ్ముకీ తేడా తెలియనివాళ్ల కోసం: అంచులు లేని మసక మచ్చ, చీకటి సీన్లలో బాగా కనిపించేది, ఫోకస్ తిప్పితే చిన్నదీ పెద్దదీ అయ్యేది దుమ్ము. గీసినట్టు చతురస్రపు చుక్కగా ఉండేది అద్దం.

మా ఇంట్లో సినిమా చూస్తుంటే తెల్ల అక్షరాల చుట్టూ క్షణం పాటు ఎరుపూ, ఆకుపచ్చా, నీలమూ మెరుస్తాయి నాకు. మా ఆయనకి కనిపించవు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమని నవ్వుతున్నారు. — పేరు రాయవద్దన్నారు

మీ కళ్లకి ఏమీ కాలేదు. ఆ ఉన్నది నిజంగానే ఉంది.

ఒకే చిప్ ఉన్న డీఎల్‌పీ మెషీన్ మూడు రంగుల్నీ ఒకేసారి వెయ్యదు. ఒక రంగుల గాజు చక్రం తిరుగుతూ ఎరుపు బొమ్మ, ఆకుపచ్చ బొమ్మ, నీలం బొమ్మ ఒకదాని వెంట ఒకటి వేస్తుంది. సెకనుకి 120 సార్లు తిరిగే చక్రమైతే నిమిషానికి 7,200 చుట్లు. అంత వేగంలో మూడూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి, చూపు నిలకడగా ఉన్నంతసేపు. చూపు ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతిందా, మూడు బొమ్మలూ రెటీనా మీద మూడు వేరు వేరు చోట్ల పడతాయి. అదే మీకు కనిపించే ఇంద్రధనుస్సు. కొందరికి బాగా తెలుస్తుంది, కొందరికి అసలు తెలియదు. మీ ఆయన రెండో బాపతు. సాక్ష్యం కావాలంటే, తెర మీద తెల్లబొమ్మ వేసి, ఆయన చేతికి ఫోనిచ్చి కెమెరాలోంచి చూడమనండి. చాలా ఫోన్లలో రంగుల పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. తెర ముందు చేతివేళ్లు చాచి గబగబా ఊపినా వేళ్ల అంచులకి రంగులు అంటుతాయి.

తగ్గించుకోవడానికి ఎకో మోడ్‌లో పెట్టి వెలుగు తగ్గించండి. తెర వెనక చిన్న లైటు ఒకటి వేసి ఉంచండి. సబ్‌టైటిళ్లని తెలుపు కాకుండా బూడిద రంగుకి మార్చుకోండి, అవే ఎక్కువ గుచ్చేవి. దీంతో తలనొప్పి వస్తుందని రాశారు కాబట్టి, తర్వాత కొనేది మూడు ఎల్‌సీడీ పలకల రకం కొనండి. దాంట్లో మూడు రంగులూ ఒకేసారి వస్తాయి, ఈ మెరుపు ఉండదు. కొనే ముందు మీరే కూర్చుని చూడండి, ఆయన్ని పంపకండి.

బల్బు మార్చాను. అయినా "రీప్లేస్ ల్యాంప్" అనే వస్తోంది. ఇంకో మెషీన్‌లో కొత్త బల్బు వేశాక అసలు ఆన్ అవ్వడమే మానేసింది. — శిక్షణ కేంద్రంలో పనిచేసే ఒకాయన

మొదటి దానికి గంటల లెక్క సున్నా చెయ్యలేదు మీరు. బల్బు మారిన సంగతి చాలా మెషీన్లకి తెలియదు. మెనూలో "ల్యాంప్ రీసెట్" ఉంటుంది. పాత బల్బు తియ్యకుండా ఉత్తినే రీసెట్ చేసి నడిపే మహానుభావులూ ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి. వయసు మీరిన బల్బు పగిలే అవకాశం ఎక్కువ.

రెండోదాంట్లో బల్బు మూత చూడండి. మూత సరిగా కూర్చోకపోతే లోపల ఒక చిన్న స్విచ్ నొక్కుకోదు. అది నొక్కుకోనిదే కరెంటు వెళ్లనివ్వరు, మన క్షేమం కోసమే. మర పూర్తిగా బిగించండి. మూత సరిగానే ఉంటే లైట్లు ఎన్నిసార్లు మిణుకుతున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో చూడండి. అవి ఊరికే మిణకవు, జబ్బు పేరు చెబుతుంటాయి.

పెట్టె మీద రాసే 3,000 గంటలూ 4,000 గంటలూ బల్బు కాలిపోయే టైము కాదు. వెలుగు సగానికి పడిపోతుందని అంచనా వేసిన టైము. అందుకే బొమ్మ మసకబారిందని మీకు తెలియనే తెలియదు, కొత్తది వేశాక ఉలిక్కిపడతారు. మార్చేటప్పుడు ఆపాక కనీసం గంట ఆగండి, గాజుని వేళ్లతో ముట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై గాజు దెబ్బతింటుంది. ఎప్పుడైనా లోపల ఫట్‌మని పగిలితే, ప్లగ్ పీకి కిటికీలు తెరిచి అందర్నీ బయటికి పంపండి. పాదరసపు ఆవిరి అది. గది గాలాడాక గ్లౌజులు వేసుకుని ముక్కలు ఏరండి. వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, ఆవిరిని గదంతా చల్లుతుంది. పాత బల్బుల్ని మామూలు చెత్తలో కలపకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

సినిమాలో పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. బ్లూటూత్ స్పీకర్ వాడుతున్నాం. — ఇద్దరు రూమ్మేట్లు

జవాబు మీ రెండో వాక్యంలోనే ఉంది. స్పీకర్‌కి వైరు పెట్టండి. వైరు ఇష్టం లేకపోతే మీరు వాడే ప్లేయర్‌లో "ఆడియో డిలే" సరిచేసుకోవచ్చు. అసలు మాటే రావట్లేదని రాసిన ఇంకో ముగ్గురికి: హెచ్‌డీఎంఐ పెట్టగానే లాప్‌టాప్ శబ్దాన్ని కూడా ప్రొజెక్టర్‌కే పంపేస్తుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి మళ్లీ మీ స్పీకర్‌నే ఎంచుకోండి.

రిమోట్ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు. మీరు ప్రతిదానికీ మెనూ నొక్కమంటారు, నొక్కితే కదా! — గత నెల జవాబు చదివిన ఒకాయన

న్యాయమే. చాలా ప్రొజెక్టర్ల ఒంటి మీదే మెనూ బటన్ ఉంటుంది, ముందు దాన్ని వాడండి. ఇక రిమోట్ సంగతి. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కు దానికి చూపించి బటన్ నొక్కండి. కంటికి కనిపించని పరారుణ కాంతి చాలా కెమెరాలకి ఊదారంగు మెరుపుగా కనిపిస్తుంది. మెరిస్తే రిమోట్ మంచిదే, మెరవకపోతే బ్యాటరీలు మార్చి మళ్లీ చూడండి. రిమోట్ మెరుస్తున్నా ప్రొజెక్టర్ పలకడం లేదంటే, దాని కన్ను మీద ఎండో ట్యూబ్‌లైటో నేరుగా పడుతోందేమో చూడండి. సీలింగుకి బిగించిన మెషీన్లకి ఆ బాధ ఎక్కువ. కన్ను కొన్నిటికి ముందు ఉంటుంది, కొన్నిటికి వెనక. అది దొరక్కపోతే రిమోట్‌ని తెర వైపు తిప్పి నొక్కండి. తెల్లటి తెర మీద తగిలి వెనక్కి వచ్చే కాంతే చాలాసార్లు సరిపోతుంది.